కత్రినా నింద: మనసులు వెతికారు, లెక్కలు వదిలేశారు

2005 సెప్టెంబరు 2. కత్రినా తుపాను బాధితుల కోసం అమెరికా టీవీలో విరాళాల కార్యక్రమం. రాసిచ్చిన మాటలు చదవాల్సిన ర్యాపర్ కాన్యే వెస్ట్ ఆ కాగితాన్ని పక్కన పెట్టి, "జార్జ్ బుష్‌కి నల్లవాళ్లంటే పట్టదు" అనేశాడు. అదే రోజు పగలు అలబామాలో అధ్యక్షుడు బుష్ తన విపత్తు సంస్థ ఫెమా అధిపతి మైఖేల్ బ్రౌన్‌ని భలే పని చేస్తున్నావంటూ అందరి ముందూ మెచ్చుకున్నాడు. తుపానుకు మునిగిన లూయిజియానా నగరం న్యూ ఆర్లియన్స్‌లో కన్వెన్షన్ సెంటర్ దగ్గర దాదాపు 20 వేలమంది తిండీ నీళ్లూ లేక పడి ఉన్న సంగతి తనకు ఇప్పుడే తెలిసిందని ఆ బ్రౌన్ చెప్పింది అంతకుముందు రోజే.

ఇరవై ఏళ్ల వాదన ఈ రెండు మాటల మధ్యే తిరిగింది. బాధితులు తెల్లవాళ్లయి ఉంటే సాయం త్వరగా వచ్చేదా అని ప్యూ సర్వే సంస్థ ఆ తర్వాతి వారం అడిగింది. నల్లవారిలో 66 శాతం అవునన్నారు. తెల్లవారిలో 77 శాతం కాదన్నారు. ఒకే టీవీ, ఒకే దృశ్యం, రెండు దేశాలు.

నాకు కాన్యే మీద కోపం లేదు, బుష్ మీద జాలీ లేదు. కానీ ఒక మనిషి మనసులో జాతి ద్వేషం ఉందా లేదా అన్న దగ్గర తగవు పెడితే, నింద పడాల్సినవాళ్లందరూ తప్పించుకుంటారు. మనసుకి సాక్ష్యం ఉండదు. "నా స్నేహితుల్లో నల్లవాళ్లున్నారు" అంటే అక్కడితో విచారణ సరి. ఫారాలకూ సూత్రాలకూ బస్సుల జాబితాలకూ మాత్రం సాక్ష్యం ఉంటుంది. కత్రినాలో జాతి వివక్ష ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అది ఎక్కడ కూర్చుని ఉందో చూపించాలంటే లెక్కల్లోకి దిగాలి.

మొదట బస్సులు. నీళ్లలో మునిగిన పసుపు పచ్చ స్కూలు బస్సుల ఫొటో ఒకటి అప్పట్లో దేశమంతా తిరిగింది. బుష్ పార్టీ అయిన రిపబ్లికన్లకు అది దొరికిన ఆయుధం: చూడండి, మేయరు రే నేగిన్ చేతిలో బస్సులుండి కూడా జనాన్ని తరలించలేదు! నేగిన్ జవాబు: డ్రైవర్లు లేరు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజముంది.

2000 జనగణన ప్రకారం నగర జనాభా 4 లక్షల 84 వేలు. మూడింట రెండొంతులు నల్లవారు. వందకు 28 మంది పేదరికంలో ఉన్నారు. పావు వంతుకు పైగా ఇళ్లకు కారు లేదు. దాదాపు లక్షమందికి సొంత రవాణా లేదని నగరం విపత్తు ప్రణాళికలోనే రాసి ఉంది. బస్సుకు 50 మంది, 500 బస్సులు నడిచాయనుకుందాం. ఒక ట్రిప్పుకు 25 వేలమంది, లక్షకు నాలుగు ట్రిప్పులు. రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్ 130 కిలోమీటర్లు. తరలింపు రద్దీలో వెళ్లడానికే ఆరేడు గంటలు, ఖాళీగా తిరిగి రావడానికి రెండు, ఎక్కించడానికి రెండు. అంటే రెండు ట్రిప్పులకే దాదాపు ఒక రోజు. నాలుగు ట్రిప్పులకు నిద్ర లేకుండా నడిపినా 40 గంటలు, కాబట్టి బస్సుకు కనీసం ఇద్దరు డ్రైవర్లు, మొత్తం వెయ్యిమంది కావాలి. ఆ డ్రైవర్లకూ పెళ్లాం పిల్లలున్నారు. వాళ్లను ముందు సురక్షితంగా చేర్చే ఏర్పాటు లేకపోతే ఒక్కరూ డ్యూటీకి రారు.

ఇప్పుడు గడియారం చూడండి. గవర్నరు క్యాథ్లీన్ బ్లాంకో అత్యవసర పరిస్థితి ప్రకటించింది శుక్రవారం, ఆగస్టు 26న. కేంద్రం ప్రకటన శనివారం. జాతీయ హరికేన్ కేంద్రం అధిపతి మ్యాక్స్ మేఫీల్డ్ శనివారం రాత్రి మేయరుకు స్వయంగా ఫోన్ చేశాడు. ఊరు ఖాళీ చేయాల్సిందేనని నేగిన్ ఆదేశమిచ్చింది ఆదివారం పొద్దున పది గంటల ప్రాంతంలో. తుపాను తీరం దాటింది సోమవారం తెల్లవారి ఆరు దాటగానే. ఈదురు గాలులు ఆదివారం రాత్రికే ఊరిని తాకుతాయి, ఆపైన బస్సులు నడపలేరు. ఆదేశం నుంచి చేతిలో ఉన్నది పన్నెండు గంటలు. ఒక్క ట్రిప్పు, మహా అయితే ఇంకో సగం. అన్ని బస్సులూ కదిలి ఉన్నా అరవై వేలకు పైగా జనం మిగిలేవారు. శుక్రవారం రాత్రి మొదలుపెడితే మాత్రం లెక్క కుదిరేది. కాబట్టి మేయరు తప్పు ఆ ఫొటోలో కనిపించదు, ఆ రెండు రాత్రుల్లో ఉంది.

కార్లున్నవాళ్ల ఏర్పాటు ఇదే శనివారం ఎంత చక్కగా జరిగిందో చెప్పకపోతే విషయం సగమే. సాయంత్రం నాలుగు గంటలకు హైవేల రెండు వైపులనూ ఊరి బయటకే మళ్లించారు. పది లక్షలకు పైగా జనం ఆ ప్రాంతం దాటేశారు. 2004లో ఇవాన్ తుపానుకు రోడ్లు బిగుసుకుపోయాయని విమర్శలొస్తే ఏడాదిలో ప్రణాళిక మార్చారు మరి. ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నవాడికి గొంతుంది, ఓటుంది, ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. కారే లేనివాడు జామ్‌లో ఇరుక్కోడు, అందుకని వాడి ఫిర్యాదు ఎక్కడా నమోదవదు. 2004 జూలైలో ఫెమా డబ్బుతోనే 'హరికేన్ పామ్' అనే ఊహా తుపాను మీద కసరత్తు చేశారు. 60 వేల మరణాలు రావచ్చని అంచనా వేశారు. కారు లేనివాళ్లను ముందే ఎలా తరలించాలన్నది మాత్రం అందులో తేలలేదు.

ఇంకొక చిన్న లెక్క. ఆగస్టు 29 అంటే నెలాఖరు. పింఛను, సామాజిక భద్రత చెక్కులు వచ్చేది ఒకటి నుంచి మూడో తారీఖు మధ్య. పాత కారున్న పేద కుటుంబానికి కూడా పెట్రోలుకు, మూడు రాత్రుల లాడ్జికి చేతిలో డబ్బు లేదు. "చెప్పినా కదల్లేదు, మొండివాళ్లు" అని టీవీలో తీర్పు చెప్పినవాళ్లకు జీతం పడే తారీఖు గుర్తుండదు.

తర్వాత సాయం ఎందుకు ఆగిందో చూద్దాం. అమెరికా చట్టంలో వరుస ఇది: ఊరు రాష్ట్రాన్ని అడగాలి, రాష్ట్రం తన శక్తికి మించిందని కేంద్రాన్ని అడగాలి, ప్రతి వస్తువుకూ విడిగా ఫారం నింపాలి, సంతకమవ్వాలి. మామూలు వరదకు ఇది పనిచేస్తుంది. అడగాల్సిన ఆఫీసే మునిగిపోతే? అందుకోసమే 2004 డిసెంబరులో తెచ్చిన జాతీయ ప్రణాళికలో మహా విపత్తుకు ప్రత్యేక అనుబంధం పెట్టారు. అడగకుండానే కేంద్రం సరుకు తోలేయవచ్చు. ఆ అనుబంధాన్ని హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రత) మంత్రి మైఖేల్ చెర్టాఫ్ అమలులోకి తేలేదు. "రాష్ట్రం సరిగ్గా అడగలేదు" అన్న బుష్ పక్షం వాదన ఇక్కడే కూలిపోతుంది. గవర్నరు చేతిలో ఉండే సైనిక దళం నేషనల్ గార్డును కేంద్రం చేతికివ్వమని సెప్టెంబరు 2 అర్ధరాత్రి బ్లాంకోకు కాగితం పంపారు, ఆమె సంతకం పెట్టలేదు. ఈ సంతకం గొడవ పత్రికల్లో వారాల తరబడి నడిచింది. అసలు కావాల్సింది బస్సులు. ఫెమా వాటి ఆర్డరు రవాణా శాఖకు పంపింది బుధవారం తెల్లవారుజామున, అంటే కరకట్టలకు గండ్లు పడిన రెండు రోజులకు. గురువారం దాకా, వేలమంది తలదాచుకున్న స్టేడియం సూపర్‌డోమ్ పెద్ద ఎత్తున ఖాళీ అవడం మొదలవలేదు.

సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందిని, దాదాపు వెయ్యిమందిని, అట్లాంటాలో కూర్చోబెట్టి లైంగిక వేధింపుల నివారణ మీదా ఇతర విషయాల మీదా క్లాసులు చెప్పారు. తర్వాత వాళ్లకిచ్చిన పని ఫెమా ఫోన్ నంబరున్న కరపత్రాలు పంచడం. కరెంటు లేదు, ఫోన్ల టవర్లు లేవు. మన తహసీల్దారు ఆఫీసులను వెక్కిరించేవాళ్లు ఈ వాక్యాన్ని దాచుకోవచ్చు.

జాతి ద్వేషం ముసుగు లేకుండా కనిపించిన చోట్లూ ఉన్నాయి. వాటిని లెక్కల కింద కప్పేయడం నా ఉద్దేశం కాదు. సూపర్‌డోమ్‌లో హత్యలు, పసిపిల్లల మీద అత్యాచారాలు, వందల శవాలు అని పుకార్లు లేచాయి. వాటిని మోసినవాళ్లలో నల్లవాడైన మేయరు, నల్లవాడైన పోలీసు అధిపతి కూడా ఉన్నారు. చివరికి డోమ్‌లో దొరికినవి ఆరు మృతదేహాలు, హత్య ఒక్కటీ కాదు. కానీ ఆ పుకార్ల నడుమ ఆగస్టు 31న పోలీసులను జనాన్ని కాపాడే పని నుంచి తీసి లూటీల మీదకు పంపారు. ఆ ఒక్క ఆదేశానికి ఎన్ని ఇళ్ల కప్పుల మీద ఎంతమంది అదనంగా రాత్రి గడిపారో ఎవరూ లెక్కకట్టలేదు. సెప్టెంబరు 1న మిసిసిపీ నది మీది వంతెన దాటి నడిచి వెళ్లబోయినవాళ్లను అవతలి గ్రెట్నా పట్టణ పోలీసులు తుపాకులతో వెనక్కి తోలారు. వంతెనకు ఇటు ఎక్కువగా నల్లవారు, అటు తెల్లవారు ఎక్కువగా ఉన్న ఊరు. సెప్టెంబరు 4న డాన్‌జిగర్ వంతెన మీద నిరాయుధులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు, నలుగురు గాయపడ్డారు. ఆ కేసులో చివరి ఐదుగురు పోలీసులు నేరం ఒప్పుకునే సరికి 2016 వచ్చింది.

నల్లవారు పల్లంలో ఉన్నారు కాబట్టి మునిగారు అన్న మాట కూడా అంత సూటిగా నిలవదు. నగరంలో 80 శాతం మునిగింది. 17వ వీధి కాలువ గోడకు గండి పడి మునిగిన లేక్‌వ్యూ డబ్బున్న తెల్లవారి పేట. పక్కనున్న సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (అక్కడ జిల్లాను అలా అంటారు) ఎక్కువమంది తెల్ల కార్మిక కుటుంబాలు, అది దాదాపు మొత్తం మునిగింది. అక్కడ ఒక్క వృద్ధాశ్రమంలోనే 35 మంది చనిపోయారు. లూయిజియానా మరణాల మీద 2008లో వచ్చిన అధ్యయనం ప్రకారం చనిపోయినవారిలో దాదాపు సగం 75 ఏళ్లు దాటినవాళ్లు. జాతి ప్రకారం 51 శాతం నల్లవారు, 42 శాతం తెల్లవారు. "చూశారా, వివక్ష లేదు" అని కొందరు ఈ అంకెలే చూపిస్తారు. కానీ అదే అధ్యయనంలో న్యూ ఆర్లియన్స్ వరకు వయసును బట్టి విడదీస్తే, 18 ఏళ్లు దాటినవాళ్లలో నల్లవారి మరణ రేటు తెల్లవారి కంటే 1.7 నుంచి 4 రెట్లు ఎక్కువ. మొత్తం అంకె దాచినదాన్ని విడదీసిన అంకె చెప్పింది. ఇలాంటి వాదనలో ఎవరైనా ఒకే శాతం చూపించి ముగిస్తే, వయసును బట్టి విడదీశారా అని అడగండి.

ఇక కరకట్టలు. అసలు హంతకులు అవే, నింద మాత్రం అతి తక్కువ పడింది. 17వ వీధి, లండన్ అవెన్యూ కాలువల గోడలు నీళ్లు పైనుంచి పొర్లకముందే విరిగాయి. 17వ వీధి దగ్గర మెత్తటి బంకమట్టి, లండన్ అవెన్యూ దగ్గర ఇసుక; గోడ కింది ఇనుప పలకలు చాలినంత లోతు దించలేదు. నీటి ఒత్తిడికి గోడ కొద్దిగా వంగి, కాలువ వైపు మట్టికీ గోడకూ మధ్య సందు పడింది. ఆ సందులోకి నీరు దిగి గోడను మట్టితో సహా పక్కకు తోసింది. ఆర్మీ ఇంజనీర్ల సంస్థ 2006 జూన్‌లో తప్పు ఒప్పుకుంది. 1965 బెట్సీ తుపాను తర్వాత మొదలైన పని నలభై ఏళ్లయినా పూర్తి కాలేదు, ఆ కాలంలో రెండు పార్టీలూ అధికారంలో ఉన్నాయి. పైగా వరద నష్టానికి కేంద్ర ప్రభుత్వం బాధ్యత వహించదని 1928 నాటి చట్టం కాపాడుతోంది, కాలువ గోడల కేసు కోర్టులో దాని మీదే పోయింది. తుపాను వచ్చిన రెండు వారాలకు బ్రౌన్ ఒక్కడు రాజీనామా చేస్తే అందరికీ తేలికైంది. ఆయన అంతకుముందు అరబ్బీ గుర్రాల సంఘంలో పనిచేసినవాడు కావడం వ్యంగ్య చిత్రకారులకు పండగ. గుర్రాల జోకులో ఇనుప పలకలు కొట్టుకుపోయాయి.

నా వాదనకు అసలు ఆధారం మాత్రం నీళ్లు తీసిన తర్వాత మొదలైన 'రోడ్ హోమ్' పథకంలో ఉంది. కేంద్రం డబ్బు, రాష్ట్రం అమలు, ప్రైవేటు కాంట్రాక్టరు నిర్వహణ. దాదాపు లక్షా 30 వేల ఇళ్ల యజమానులకు 9 బిలియన్ డాలర్ల మేర పంచారు. నిబంధనల్లో జాతి అన్న మాటే లేదు. సూత్రం ఇది: తుపానుకు ముందు ఇంటి మార్కెట్ ధర, మరమ్మతు ఖర్చు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. గరిష్ఠం లక్షా 50 వేల డాలర్లు. అందులోంచి బీమా సొమ్ము, ఫెమా ఇచ్చింది తీసేయాలి.

రెండు ఇళ్లు అనుకుందాం. ఒకే విస్తీర్ణం, ఒకే ఏడు కట్టినవి, ఒకే ఎత్తున నీళ్లు. రెండిటికీ మరమ్మతు లక్షా 40 వేలు. ఒకటి లేక్‌వ్యూలో, మార్కెట్ ధర 2 లక్షలు. రెండోది నల్లవారి పేట లోయర్ నైన్త్ వార్డులో, ధర 60 వేలు. మొదటి ఇంటికి లక్షా 40 వేలు వస్తాయి, ఇల్లు లేస్తుంది. రెండోదానికి 60 వేలు. చెక్క, సిమెంటు, మేస్త్రీ కూలి పేటను బట్టి మారవు కదా! మిగతా 80 వేలు బ్యాంకు ఇవ్వదు, ఎందుకంటే ఇంటి విలువే 60 వేలు. మరి ఆ విలువ ఎందుకు తక్కువ? 1930ల నుంచి నల్లవారి పేటలను ఎర్ర గీతలతో గుర్తించి అప్పులివ్వకపోవడం, తెల్లవారి పేటల్లో వారికి ఇళ్లు అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకోవడం. తాతల నాటి వివక్షను మనవళ్ల చెక్కులోకి కూడికలు తీసివేతలతో తెచ్చారు. ఆఫీసులో కూర్చుని ఫారం నింపిన గుమస్తా మంచివాడే అయి ఉండవచ్చు. ఆ సూత్రానికి అతని మంచితనంతో పనిలేదు.

2008లో నగరంలోని గృహ హక్కుల సంస్థ, నల్లవారి హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ న్యాయ నిధి కోర్టుకెళ్లాయి. 2011లో రాజీ కుదిరి సుమారు 1,300 మందికి 6 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. అప్పటికి పథకం డబ్బు చాలావరకు పంచేశారు. లోయర్ నైన్త్ వార్డులో 2000లో 14 వేల జనం, 2010కి 3 వేల లోపు. బుష్ ఏమనుకున్నాడో తెలియకుండానే ఈ అంకెను వివరించవచ్చు.

ఇది కత్రినాతో పోలేదు. 2017 హార్వీ తుపానులో హ్యూస్టన్ మునిగింది, అక్కడి మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముంపు నివారణ నిధుల మొదటి విడత, దాదాపు బిలియన్ డాలర్లు, టెక్సస్ భూ కార్యాలయం 2021లో పంచినప్పుడు హ్యూస్టన్ నగరానికి సున్నా. కారణం మార్కులు వేసిన పద్ధతిలో ఉంది. ప్రాజెక్టు లబ్ధిదారులు ఆ ఊరి జనాభాలో ఎంత శాతమో చూశారు. పదివేల జనమున్న ఊళ్లో పదివేలమందికి మేలైతే 100 శాతం. 23 లక్షల హ్యూస్టన్‌లో అదే పదివేలమందికి మేలైతే అర శాతం కూడా కాదు. నల్లవారు, హిస్పానిక్ జనం ఎక్కువగా ఉన్నది పెద్ద నగరంలో. ఇది వివక్షేనని కేంద్ర గృహ శాఖ 2022లో తేల్చింది. అప్పటి టెక్సస్ భూ కార్యాలయం అధిపతి పేరు జార్జ్ పి. బుష్, కత్రినా నాటి అధ్యక్షుడి తమ్ముడి కొడుకు. పేరు చూసి కథ అల్లుకోవడం సులువు, కానీ ఆ మార్కుల పద్ధతి ఎవరి చేతిలో ఉన్నా అదే ఫలితమిచ్చేది.

అమెరికాను తిట్టడానికి మనం కుర్చీ వేసుకుని కూర్చోనక్కర్లేదు. 2022-26 కాలానికి మన కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనలు చూడండి: మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000. కులం పేరు ఎక్కడా లేదు. కోస్తాలో తుపానుకు ఎగిరిపోయే గుడిసెలు ఏ పేటల్లో ఎక్కువో చెప్పమంటే మాత్రం ఊళ్లో ఎవరైనా చెబుతారు. ఎన్యుమరేషన్‌కు వచ్చిన ఉద్యోగి 'కచ్చా ఇల్లు' అని రాస్తాడా 'గుడిసె' అని రాస్తాడా అన్న దగ్గర ఒక కుటుంబానికి లక్షా 12 వేలు తేడా. పంట నష్టంలో కౌలు రైతు సంగతీ ఇంతే. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే ఎక్కడ హక్కు అడుగుతాడోనని యజమాని భయం. న్యూ ఆర్లియన్స్‌లో తాత పేరు మీదే ఉండిపోయిన ఇళ్లకు, 2017 మరియా తుపాను తర్వాత ప్యూర్టో రికోలో పట్టా లేని ఇళ్లకు ఫెమా అర్జీలు తిరస్కరించింది ఈ కాగితం దగ్గరే. రిజిస్టర్డ్ దస్తావేజు లేకపోయినా ఇతర రుజువులు, సొంత ధ్రువీకరణ చాలునని ఫెమా ఒప్పుకున్నది 2021లో.

"ఇలా సూత్రాల్లో కూరుకుపోతే దోషులు ఎవరూ మిగలరు కదా" అని నాతో వాదించేవాళ్లున్నారు. నాకు సరిగ్గా తిరగేసి కనిపిస్తుంది. సూత్రానికి రచయిత ఉంటాడు, ఆమోదించిన తేదీ ఉంటుంది, హెచ్చరించిన ఉత్తరాలుంటాయి. అమెరికా సుప్రీం కోర్టు కూడా 2015లో, టెక్సస్ కేసులోనే, ఇళ్ల విషయంలో వివక్ష ఉద్దేశాన్ని నిరూపించక్కర్లేదు, ఫలితం చూపిస్తే దావా వేయవచ్చని 5-4తో తేల్చింది. ఉద్దేశం దొరికితే అదీ శిక్షార్హమే, డాన్‌జిగర్ వంతెనే సాక్ష్యం. దొరకని చోట చేతులు ముడుచుకోనక్కర్లేదని చెబుతున్నాను.

మూడేళ్లకు, 2008లో గుస్తావ్ తుపాను వచ్చింది. ఈసారి ఊళ్లో పదిహేడు చోట్ల బస్సులు ఎక్కించుకునే స్థలాలు ముందే ప్రకటించారు. అక్కడి నుంచి రైల్వే స్టేషనుకు తెచ్చి, పేర్లు రాసుకుని, బస్సుల్లో రైళ్లలో సుమారు 18 వేలమందిని బయటికి పంపారు. మేయరు అదే నేగిన్, అధ్యక్షుడు అదే బుష్. మనసులు మారాయో లేదో నాకు తెలియదు, జాబితా మారింది.

ఆ ఏర్పాటుకు మూడు రోజుల ముందస్తు సమయం కావాలి. 2021లో ఐడా తుపాను పుట్టిన మూడు రోజులకే, మళ్లీ ఆగస్టు 29నే తీరం దాటింది. బస్సులు పెట్టే వ్యవధి లేదని నగరం చెప్పేసింది. 14.5 బిలియన్ డాలర్లతో తిరిగి కట్టిన కరకట్టలు నిలిచాయి. కరెంటు పోయింది. లిఫ్టులు ఆగిన అపార్టుమెంట్లలో, ఎండాకాలపు వేడిలో, ముసలివాళ్లు చనిపోయారు.